గుడ్ల బండి మీద కమాన్ల మేస్త్రి

ఆ ఫోనులో బొమ్మలు చూసి బండికి సామాను కొనకే అమ్మడూ. పొద్దుట్నుంచీ వింటున్నాను, నువ్వూ మీ ఆయనా ఒకటే వాదన. మొక్కలు వేసుకెళ్ళడానికి కొన్న కొత్త పికప్ బండికి వెనక గాలి సంచులు పెట్టించాలా, అదనంగా పట్టీలు వేయించాలా, ఆ ఎర్ర రంగు షాకబ్జర్లు తెప్పించాలా అని. ఎటూ తేలక చివరికి నన్నడిగావు. నాకు సైకిలు తొక్కడం కూడా రాదు. కానీ ఈ మాట అడగవలసిన మనిషి ఒకాయన రామచంద్రపురంలో ఉండేవారు. పోయిన వానాకాలంలో పోయారు. ఉండి ఉంటే నిన్నూ మీ ఆయన్నీ ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, మీ ఆయన చెప్పేదంతా విని, తర్వాత నీ వైపు తిరిగి అసలు సంగతి అడిగేవారు.

ఆయన గురించి నీకు ఇంతవరకూ చెప్పలేదు. ఎందుకంటే అందులో మీ మామ్మ ఉంది. మీ మామ్మ అంటే తాతయ్యకి అక్కగారు, నాకు వదిన. ఆవిడ ఇప్పుడు హాల్లో పడుకుని ఉంది కాబట్టి చెబుతున్నాను. రాస్తానంటున్నావు కదా, నేను చెప్పినట్టే రాయి.

ద్రాక్షారం వెళ్ళే రోడ్డు మీద, కాలవ పక్కన ఆయనదొక రేకుల షెడ్డు. బోర్డు మీద ఆయన పేరు ఉండేది కాదు. కమాన్ పట్టీలు అని మాత్రం రాసి ఉండేది. అందరూ మేస్త్రిగారనే పిలిచేవారు, నేనూ అలాగే పిలుస్తాను. కమాన్ కట్ట అంటే ఏంటో చూశావు కదా, బండి వెనక చక్రాల దగ్గర విల్లులా వంచిన ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగిస్తారు. బండి మోసే బరువంతా పడేది వాటి మీదే. అవి వంచడం, మార్చడం, తీయడం ఆయన పని. తీయడమే ఎక్కువ చేసేవారని తర్వాత తెలిసింది.

పొట్టి మనిషి. మాట మాత్రం పూర్తి గోదావరి మాట, ప్రతి దానికీ అండి. మనుషులకే కాదు. ఒకసారి బండి కింద పడుకుని, బిగుసుకుపోయిన బోల్టుతో మాట్లాడుతుంటే విన్నాను. "ఏంటండి, రారాండి? మీరు రాకపోతే నేను కోసేత్తానండి, తర్వాత అనుకుని లాభం లేదండి" అంటున్నారు. కోపం వచ్చినా అంతే. "మీరు చాలా వెధవ పని చేశారండి" అని ఎంతో మర్యాదగా చెప్పేవారు. అవతలి మనిషికి తిట్టారో పొగిడారో అర్థం కావడానికి కాసేపు పట్టేది.

బండి తీసుకుని ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే. "సరుకు కోసమాండి, చూపు కోసమాండి?"

బండి ఎత్తుగా, పొగరుగా కనపడాలని వచ్చేవాళ్ళు ఆ ప్రశ్నకి తడబడేవారు. తడబడితే చాలు, ఆయన చెయ్యెత్తి ఎదురు కొట్టు చూపించేవారు. "అక్కడ స్టిక్కర్లు అమ్ముతారండి. పులి బొమ్మ కూడా ఉందండి. అది అంటించుకోండి, బండికీ మంచిది, మీకూ మంచిది."

సరుకు కోసమే అన్నవాళ్ళకి రెండో ప్రశ్న. "వెళ్ళేటప్పుడు బరువెంతండి, వచ్చేటప్పుడు ఎంతండి?" వచ్చేటప్పుడు ఏముంటుంది, ఖాళీ బండి అని అందరూ నవ్వేవారు. ఆయన నవ్వేవారు కాదు.

ఇక మగవాళ్ళు చెప్పిన బరువు ఆయన నమ్మేవారే కాదు. మగవాళ్ళు ఆర్టీవో ఆఫీసులో చెప్పిన అబద్ధమే అలవాటుగా తన దగ్గరా చెప్పేస్తారని ఆయన అభిప్రాయం. అందుకని బండితో పాటు ఇంట్లో ఆడవాళ్ళని తీసుకురమ్మనేవారు. కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన భార్యతో వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. "కొంచెం లోడేనండి, పెద్దగా ఏం వేయను" అన్నాడాయన. మేస్త్రిగారు ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మగారూ, ఈయన కొంచెం అంటే ఎంతండి?"

ఆవిడ ఆలోచించి చెప్పింది. "కొంచెం అన్నం పెట్టమంటే నాలుగుసార్లు వడ్డిస్తానండి."

"ఆయ్, తెలిసిందండి" అని ఆయన వెళ్ళి మందం పట్టీ తీశారు.

పని అయ్యాక పరీక్ష ఉండేది. షెడ్డు ముందు రోడ్డుకి అడ్డంగా ఒక చెక్క దుంగ పడేసేవారు. స్టీలు గ్లాసు నిండా అంచు దాకా టీ పోయించుకుని, బండి వెనక తొట్టిలో సరుకు పక్కన కూర్చునేవారు. బండి దుంగ ఎక్కి దిగాలి. టీ ఎంత ఒలికిందో, ఎటు ఒలికిందో చూసి పట్టీ సంగతి చెప్పేవారు. ఆ గ్లాసు ఒలికేది ఆయన లుంగీ మీదే. వాళ్ళావిడ బట్టలుతుకుతూ, "ఈయన లుంగీ చూస్తే ఊళ్ళో ఎవరి బండి ఎలా ఉందో చెప్పేయొచ్చండి" అనేది.

మా బండి సంగతికి వస్తాను. నీ పెళ్ళికి ముందు తాతయ్య కోడిగుడ్ల వ్యాపారం చేసేవారని తెలుసు కదా. ఇటు ఫారాల్లో గుడ్లు ఎక్కించుకుని, కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి ముక్తేశ్వరం వైపు ఆరేడు ఊళ్ళలో వేసి రావడం. పంటు అంటే తెలియనివాళ్ళు చదివితే రాయి, బళ్ళనీ మనుషుల్నీ కలిపి నది దాటించే బల్లపడవ. అట్టకి ముప్ఫై గుడ్లు, అట్ట మీద అట్ట. నిండా ఎక్కిస్తే బండి వెనక కుంగి, ముక్కు పైకెత్తుకుని పోయేది. ఎవరో రేవులో నవ్వారట. తాతయ్యకి అది పట్టుకుంది. నన్నూ నిండు బండినీ వెంటబెట్టుకుని మేస్త్రిగారి దగ్గరికి బయల్దేరారు.

"బండి వెనక కూర్చుండిపోతోందండి" అన్నారు తాతయ్య.

మేస్త్రిగారు చుట్టూ తిరిగారు. కట్టల మీద చెయ్యి వేసి చూశారు. తొట్టిలోకెక్కి గుడ్ల అట్టల మధ్య గ్లాసు పట్టుకు కూర్చున్నారు. దుంగ ఎక్కి దిగాం. కిందికి దిగి పొడి లుంగీ దులుపుకున్నారు.

"బాగుందండి. మీకేం వద్దండి."

"మరి కూర్చుంటోంది కదండి?"

"కూర్చోనివ్వండి. భోంచేశాక మనం కూర్చోమాండి? ఖాళీ అయితే అదే లేత్తుందండి."

వచ్చినవాళ్ళకి ఏమీ అమ్మకుండా పంపే దుకాణదారుణ్ణి తాతయ్య అంతకు ముందు చూడలేదు. దారంతా నామీద కేకలు. "ఆయనకి కొత్త సంగతులు తెలియవు. పాతకాలం మనిషి" అన్నారు. మర్నాడే రాజమండ్రి హైవే మీద ఒక పెద్ద షాపుకి వెళ్ళారు. ఏసీ గది, టీవీలో ఏదో దేశంలో బళ్ళు కొండలెక్కుతుంటాయట. అటు రెండు ఇటు రెండు లావుపాటి పట్టీలు, ఎర్ర షాకబ్జర్లు వేయించుకుని వచ్చారు. వాళ్ళని అనడానికి లేదు, ఈయన అడిగిందే వేశారు. బండి వెనక భాగం పుంజు తోకలా లేచి నిలబడింది. దాని పక్కన నిలబడి ఫొటో కూడా తీయించుకున్నారు. ఇప్పటికీ ఆయన వాట్సాప్ బొమ్మ అదే.

ఆ వారమే మీ మామ్మ ఫోను. ఆవిడ అప్పుడు గోదావరి అవతల మిషన్ బోర్డింగులో మేట్రన్. పిల్లలకి వారానికి రెండుసార్లు మన గుడ్లే. మన బండి తిరిగే ఊళ్ళలో ఆఖరుది ఆవిడ ఊరు.

"అమ్మాయ్, అట్టకి నాలుగు పగిలాయి" అంది.

తర్వాతి లోడుకి ఏడు పగిలాయి. ఆ తర్వాతి లోడుకి ఒక అట్టలో నుంచి పచ్చసొన కారి కింద అట్ట దాకా వెళ్ళిందట. పిల్లలకి కూర బదులు మూడు రోజులు గుడ్డట్టే వేసి పెట్టింది. తాతయ్య ఫోను తీసుకుని, అక్కగారిని ఓదారుద్దామని, "నాకూ అర్థం కావడం లేదక్కా. మిగతా ఊళ్ళలో ఒక్కటి కూడా పగల్లేదు" అన్నారు.

నేను తల పట్టుకున్నాను. ఆ ఒక్క మాటతో సంసారం మొత్తం ముంచారు. మిగతా ఊళ్ళలో పగలకుండా ఆవిడ ఊళ్ళోనే పగిలాయంటే దానర్థం ఏంటి? పగిలినవి ఎవరో ఏరి ఆవిడకే పంపిస్తున్నారని. ఎవరు ఏరతారు? తమ్ముడు ఏరడు. తల్లి పోతే ఆరేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడ. ఇంక మిగిలింది నేను.

నాతో ఒక్క మాట అనలేదు. అంటే నేనూ అనేదాన్ని, తేలిపోయేది. ఆవిడ ప్రార్థనలో పెట్టింది. మన ఇళ్ళల్లో ఆ పద్ధతి నీకు తెలుసు. ప్రతి గురువారం సాయంత్రం ఆడవాళ్ళం అందరం ఫోనులో కలిసి ప్రార్థన చేసుకుంటాం కదా. ఆవిడ వంతు వచ్చింది. అందరి ఆరోగ్యాలూ అయ్యాక, గొంతు తగ్గించి, "ప్రభువా, మంచివి తమ ఇంట ఉంచుకుని పగిలినవి పెద్దవాళ్ళకి పంపించే హృదయాలను మెత్తబరచు తండ్రీ" అంది. పద్నాలుగు మంది ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అనకపోతే ఆ హృదయం నాదేనని తెలిసిపోతుంది. దేవుడితో చెప్పుకునే మాటకి మనం జవాబు చెప్పడానికి ఉండదు కదా.

నీ ప్రధానం అప్పటికి మూడు వారాలు ఉంది. మన ఇంట్లో ఆవిడ ప్రార్థన చెయ్యకుండా ఎవరి వేలికీ ఉంగరం ఎక్కలేదు. పిలవడానికి ఫోను చేస్తే, "ఆ రోజు నాకు ఒంట్లో బాగోదు" అంది. మూడు వారాల ముందే తెలిసిపోయింది ఆవిడకి. తాతయ్య మంచం ఎక్కారు. "అక్క రాకపోతే నేను పీటల దగ్గరికి రాను. మీరే చేసుకోండి" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. మీ అమ్మేమో వంటవాళ్ళకి మాటిచ్చేసింది. నీకేమో చీర జాకెట్టు కొలతల గొడవ. నీకు తెలిసింది అంతవరకే.

నేను ఆటో ఎక్కి మేస్త్రిగారి షెడ్డుకి వెళ్ళాను.

"బండి రాలేదాండి?" అన్నారు.

"బండి వస్తే ఆయన వస్తారండి. ఆయన వస్తే మాట సాగదు."

"ఆయ్, కూర్చోండి. ఎన్ని వేయించారండి?" ఏం జరిగిందో నేను ఇంకా చెప్పనేలేదు.

"అటు రెండు, ఇటు రెండు."

సుత్తి కింద పెట్టారు. "ఏ ఊళ్ళో పగులుతున్నాయండి?"

నాకు ఆశ్చర్యం వేసింది. అంతవరకూ ఎన్ని పగిలాయని అడిగినవాళ్ళే కానీ, ఏ ఊళ్ళో అని అడిగినవాళ్ళు లేరు. "ఒక్క ఊళ్ళోనేనండి. మా వదినగారి ఊళ్ళో."

"ఆవిడది ఎన్నో ఊరండి?"

"ఆఖరుదండి."

ఆయన అక్కడే ఇనుము సాగగొట్టే దాగలి మీద చెయ్యి ఆనించి నవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళావిడ బయటికి వచ్చి చూసేంత నవ్వు. నాకు ఒళ్ళు మండింది. "నా ఇంట్లో ప్రధానం ఆగిపోయేలా ఉంది, మీకు నవ్వొస్తోందాండి" అన్నాను. చటుక్కున ఆపేశారు.

"తప్పండి, తప్పండి. ఇటు చూడండి."

రెండు ఇటికలు ఎడంగా పెట్టి, వాటి మీద ఒక చెక్క వేశారు. తను ఎక్కి నిలబడ్డారు. చెక్క మధ్యలో వంగింది. దిగి, "మీ చేతిసంచి పెట్టండి" అన్నారు. పెట్టాను. చెక్క కదల్లేదు.

"బండి నిండా గుడ్లున్నప్పుడు ఆ పట్టీలు వంగుతున్నాయండి. ఆరు ఊళ్ళలో దింపేశాక మీ వదినగారికి మిగిలింది ఈ చేతిసంచండి. ఆ లావు పట్టీలకి అది బరువే కాదండి. అవి వంగవు. అవి వంగకపోతే గుంత దెబ్బంతా ఎవరు తింటారండి? గుడ్డు తింటుందండి."

"మరి ఆయన వాళ్ళ అక్కగారివి జాగ్రత్తగా ఉండాలని అన్నిటికన్నా లోపల పెడతారండి."

"అందుకే ఆఖరి దాకా ఉంటున్నాయండి. ప్రేమండి. ప్రేమకి మనం పట్టీ వేయలేమండి."

నా తప్పు కాదని ఆ చెక్క ముక్క చెప్పింది. కానీ చెక్క ముక్కని తీసుకెళ్ళి మా వదినగారికి చూపించలేను కదా. ఇంటికొచ్చి తాతయ్యతో ఒకటే మాట అన్నాను. "మీ అక్కగారు ప్రధానానికి రావాలంటే బండి మేస్త్రిగారి దగ్గరికి తీసుకెళ్ళండి. లేదంటే అలాగే గోడ చూస్తూ పడుకోండి." అరగంట తర్వాత లేచారు.

ఆ రోజు మేస్త్రిగారి మర్యాద చూడాలి. దెప్పుతారని తాతయ్య భుజాలు బిగించుకుని నిలబడ్డారు. ఆయన బండి కిందికి దూరి, అక్కడి నుంచే, "చాలా గట్టిగా వేశారండి. సిమెంటు బస్తాలకైతే ఎదురు లేదండి. సిమెంటు వ్యాపారం ఏమన్నా పెడతారాండి?" అన్నారు.

"తీసేయండి" అన్నారు తాతయ్య. కానీ ఉత్త చేతులతో వెళ్ళడం ఆయనకి ఇష్టం లేదు. ఏదో ఒకటి పెట్టించాలి. "ఆ గాలి సంచులు ఎలా ఉంటాయండి? ఫోనులో చూశాను" అన్నారు. ఇప్పుడు నువ్వడుగుతున్నవే, రబ్బరు సంచిలో గాలి కొట్టి కట్ట దగ్గర పెడతారే, అవి.

"మంచివేనండి. బరువు ఎక్కినప్పుడు గాలి కొట్టాలండి, దిగినప్పుడల్లా తీయాలండి. మీరు ప్రతి ఊళ్ళోనూ దిగి తీత్తారాండి?"

"తీస్తాను."

మేస్త్రిగారు బండి కింద నుంచి తల బయటపెట్టి నా వైపు చూశారు. "తీత్తారాండి అమ్మగారూ?"

"ఇంట్లో ఫ్యాను స్విచ్చి కూడా తీయరండి" అన్నాను.

"ఆయ్. వద్దండి" అని తల లోపలికి లాక్కున్నారు.

నాలుగు లావు పట్టీలూ తీసేశారు. కట్టకి అడుగున మాత్రం, అటొకటీ ఇటొకటీ, చదునుగా ఉండే పట్టీ వేశారు. వంపు లేని పట్టీ అది. పైవాటికీ దాని కొసలకీ మధ్య వేళ్ళు దూరేంత సందు. నన్ను పిలిచి మరీ చూపించారు. బండి ఖాళీగా ఉన్నప్పుడు దానికి పనే లేదు, ఊరికే ఉంటుంది. నిండా బరువు పడి పైపట్టీలు కిందికి వంగితే అప్పుడు వెళ్ళి దాన్ని తాకుతాయి, అప్పుడది భుజం పడుతుంది. బరువు దిగితే మళ్ళీ వదిలేస్తుంది. ఆ సందు కోసం పట్టీని మూడుసార్లు కొలిమిలో పెట్టి తీశారు. నీ మొక్కల బండికి కూడా అదే సరిపోతుందేమో, వెళ్ళేటప్పుడు కుండీలూ మట్టీ, వచ్చేటప్పుడు ఖాళీ. కానీ నేను చెప్పానని చేయించకు, ఆ పని తెలిసిన మనిషికి బండి చూపించి, ఆ రెండు ప్రశ్నలకీ నిజం చెప్పు. ఎర్ర షాకబ్జర్లు మాత్రం తీయలేదు. "వీటి తప్పేం లేదండి. రంగు కూడా బాగుందండి" అన్నారు. తాతయ్య మొహం కాస్త తేటపడింది.

"మొదటి లోడుకి నేనూ వత్తానండి" అన్నారు. అది ఆయన పద్ధతి. తన పని మీద మొదటి ప్రయాణం తను సరుకుతో పాటు చేయాలి. ముందు సీట్లో కూర్చోమంటే కూర్చోరు. శుక్రవారం పొద్దున్నే తలకి తువ్వాలు చుట్టుకుని, గ్లాసూ ఫ్లాస్కూ పట్టుకుని, అట్టల మధ్య దారి చేసుకుని కూర్చున్నారు. నేను ముందు సీట్లో. నేను వెళ్ళక తప్పదు, ఆ గుడ్లు నా కళ్ళ ముందు దిగాలి.

కోటిపల్లి రేవులో పంటు మీదికి ఎక్కేటప్పుడు బల్లలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. అంతకుముందు అక్కడ బండి ఎగిరి పడేది. ఆ రోజు గేదె నీళ్ళలోకి దిగినట్టు నెమ్మదిగా ఎక్కింది. పంటు మీద జనం గుడ్ల మధ్య కూర్చుని టీ తాగుతున్న మనిషిని వింతగా చూశారు. ఒకావిడ, "ఏవండీ, గుడ్లు పొదుగుతున్నారా?" అంది. "పొదిగిందాకా ఉండవండి, ముక్తేశ్వరంలో దిగిపోతాయండి" అన్నారాయన.

అవతల ఒక్కో ఊళ్ళో అట్టలు దిగేకొద్దీ తాతయ్యకి చెమటలు. ప్రతి ఊళ్ళోనూ నేను దిగి వెనక్కి వెళ్ళేదాన్ని. మేస్త్రిగారు లుంగీ చూపించేవారు. నాలుగో ఊరు దాకా పొడి. ఐదో ఊరి వంతెన దగ్గర చిన్న చుక్క పడింది. "అది నా తప్పండి, తుమ్మాను" అన్నారు. ఆరో ఊళ్ళో అందరివీ దింపేశాక, ఇంత పెద్ద తొట్టిలో ఒక మూల వదినగారి అట్టలు, ఇంకో మూల ఆయన. కాలవ గట్టు మీద ఆ చివరి రోడ్డు ఎలా ఉంటుందో నువ్వు చూశావు. నేను కళ్ళు మూసుకుని కీర్తన పాడుకున్నాను. రెండు చరణాలు మర్చిపోయాను.

వదినగారు గేటు దగ్గరే నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. "దింపండి" అంది. వరండాలో బల్ల మీద ఒక్కో అట్టా పెట్టించుకుని, ఒక్కో గుడ్డూ చేత్తో తిప్పి చూసింది. బోర్డింగు పిల్లలంతా కిటికీల్లో. మొదటి అట్ట అయింది. రెండోది అయింది. ఆఖరి అట్టకి వచ్చేసరికి ఆవిడ మొహంలో కోపం పోయి ఏదో కంగారు వచ్చింది. ఒక గుడ్డుని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది, పగులేమోనని. అది రెట్ట మరక.

"ఒక్కటి కూడా పగల్లేదేంట్రా" అంది తమ్ముడితో. పగిలి ఉంటే బాగుండునన్నట్టు.

తాతయ్య బండి గురించి చెప్పారు, పట్టీల గురించి చెప్పారు, తనే మోజుపడి వేయించానని కూడా ఒప్పుకున్నారు. ఆవిడ విన్నది. నాకేసి మాత్రం తిరగలేదు. "భోజనానికి రండి" అని ఊరందరితో అన్నట్టు అంది.

బల్ల చుట్టూ కూర్చున్నాం. గుడ్లు వేసి పులుసు పెట్టింది. తినే ముందు ప్రార్థన. మేమంతా కళ్ళు మూసుకున్నాం. మేస్త్రిగారికి మన పద్ధతులు తెలియవు. కళ్ళు మూసుకోవాలనీ తెలియదు, మధ్యలో మాట్లాడకూడదనీ తెలియదు.

వదినగారు మొదలుపెట్టింది. తమ్ముణ్ణి క్షేమంగా తెచ్చినందుకు వందనాలు చెప్పింది. నది దాటించిన పంటుకి, బండికి, కోళ్ళకి, ఫారం వాళ్ళకి, ఎండలో గుడ్ల మధ్య కూర్చుని వచ్చిన మేస్త్రిగారికి, వాళ్ళ కుటుంబానికి, అందరికీ పేరు పేరునా చెప్పింది. నా పేరు రాలేదు. నాకు తెలుసు రాదని. "ఈ ఆహారాన్ని దీవించి" దాకా వచ్చేసింది.

"అమ్మగారూ, ఒకరు మిగిలిపోయారండి" అన్నారు మేస్త్రిగారు.

వదినగారు ఆగిపోయింది. కళ్ళు తెరవకుండానే, "ఎవరండి?" అంది.

"మీ మరదలుగారండి. ఏ ఊళ్ళో పగులుతున్నాయో చెప్పింది ఆవిడేనండి. ఆవిడ ఆటో ఎక్కి రాకపోతే మీరు ఇంకా గుడ్డట్లే పోసుకుంటూ ఉండేవారండి. ఆవిణ్ణి కూడా కలపండి."

తాతయ్య నా కాలు తొక్కారు, నేనేదో నేర్పించి తీసుకొచ్చానని. నేను ఒక కన్ను తెరిచాను. వదినగారి పెదాలు కదులుతున్నాయి.

"దేవా" అంది చివరికి. "మా మరదలు. దాన్ని నేను అనుమానించాను. నీకు తెలుసు. ఇప్పుడు దానికీ తెలుసు. ఆమెన్."

తాతయ్య రెండుసార్లు ఆమెన్ అన్నారు.

అదీ మీ మామ్మ చెప్పిన క్షమాపణ. దేవుడికి చెప్పింది కానీ నాకు వినపడేలానే చెప్పింది. లేచి గరిట తీసుకుని ముందు నాకే వడ్డించింది. రెండు గుడ్లు వేసింది, మూడోది కూడా వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాను. "ప్రధానం నాడు వంటెవరే?" అంది.

"వంటవాళ్ళని మాట్లాడారు వదినా. మీకు ఆ రోజు ఒంట్లో బాగోదన్నారు కదా."

"బాగానే ఉంటుంది" అంది. "వంటవాళ్ళెందుకు, వాళ్ళకి పులుసు పెట్టడం వచ్చా? ముందు రోజే వచ్చేస్తాను."

మేస్త్రిగారి కంచంలో గుడ్డు వేయబోతే వెనక్కి జరిగారు. "నాకు పడదండి. చిన్నప్పట్నుంచీ వాసన కూడా గిట్టదండి." పొద్దుట్నుంచీ ఆ గుడ్ల మధ్యే కూర్చుని వచ్చిన మనిషి. వదినగారు లోపలికి వెళ్ళి పెరుగూ ఆవకాయా తెచ్చింది. ఆయన పెరుగన్నం తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతూనే ఉంది, పైన ఫ్యాను తిరుగుతున్నా.

తిరుగు ప్రయాణంలో సరుకు లేదు కాబట్టి ఆయన ముందు సీట్లోకి వచ్చారు. తాతయ్య, మధ్యలో నేను, కిటికీ పక్కన ఆయన. ఊరు దాటామో లేదో నిద్రపోయారు. పని ఉన్నంతసేపూ అంత చురుకైన మనిషి, చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని పడుకున్నారు. తల కిటికీ చట్రానికి ఆనించి ఉంది, బండి కుదిపితే టక్కున కొట్టుకుంటుంది.

తాతయ్య అటు చూశారు. గేరు మార్చి, నడిచేవాళ్ళు మమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా, ఒక్కో గుంత చుట్టూ తిప్పుకుంటూ నడపడం మొదలుపెట్టారు. వెనక నుంచి ఎవరో హారన్ కొట్టారు. తాతయ్య చెయ్యి బయటపెట్టి, దాటి వెళ్ళమని సైగ చేశారు. ఆ దారిన గుడ్లు తీసుకెళ్ళినప్పుడు కూడా ఆయన అంత జాగ్రత్తగా నడపగా నేను చూడలేదు. రేవుకి చేరేసరికి పంటు వెళ్ళిపోయింది. ఇంకోటి రావడానికి గంట పడుతుందన్నారు. "రానీ" అన్నారు తాతయ్య, మేస్త్రిగారికి మెలకువ వస్తుందేమోనని చిన్న గొంతుతో, ఇంజను ఆపేసి.